డోపెంట్ అయాన్ వెలుగునిచ్చే తీరు: ఫాస్ఫర్లను మెట్టు మెట్టుగా అర్థం చేసుకునే మార్గదర్శి

స్వచ్ఛమైన ఇట్రియం ఆక్సైడ్ పొడిని గాజు పలక మీద పరచి, చీకటి గదిలో 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టండి. చెప్పుకోదగ్గ వెలుగేమీ కనిపించదు. అదే పొడిలో ప్రతి వంద ఇట్రియం అయాన్లలో అయిదింటిని తీసి, వాటి చోట యూరోపియం అయాన్లను కూర్చోబెడితే, పగటి వెలుతురులో అది అప్పటికీ తెల్లటి పొడే. దీపం కింద పెట్టిన మరుక్షణం మాత్రం నిప్పుకణికలా ఎర్రబారుతుంది. వేడి లేదు, మంట లేదు. దీపం తీసేస్తే కన్ను గుర్తించేలోపే ఆరిపోతుంది.

ఇలా శక్తిని మింగి వెలుగునిచ్చే పదార్థాన్ని ఫాస్ఫర్ అంటారు, అందులో కొద్ది మోతాదులో చేర్చే పరాయి అయాన్‌ను డోపెంట్ అంటారు. వందలో అయిదు అయాన్లు ఇంత మార్పు ఎలా తెచ్చాయి? చాలామంది ఇక్కడ అయాన్ పేరు దగ్గరే ఆగిపోతారు. యూరోపియం అంటే ఎరుపు, టెర్బియం అంటే ఆకుపచ్చ అని గుర్తుపెట్టుకుంటారు. ఆ అలవాటును మొదటే వదిలించుకోవడం మంచిది. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన యూరోపియం 2+ అయాన్‌నే తీసుకోండి. స్ట్రాన్షియం టెట్రాబోరేట్‌లో అది 367 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనిపించని అతినీలలోహితంలో వెలుగుతుంది. బేరియం మెగ్నీషియం అల్యూమినేట్‌లో 450 దగ్గర నీలంగా, స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో 520 దగ్గర ఆకుపచ్చగా, కాల్షియం అల్యూమినియం సిలికాన్ నైట్రైడ్‌లో 650 దగ్గర ముదురు ఎరుపుగా వెలుగుతుంది. అయాన్ అదే, దాని విద్యుత్ ఆవేశమూ అదే. మారింది అది కూర్చున్న చోటు ఒక్కటే.

అందుకే ఏ ఫాస్ఫర్ ఎదురైనా మూడు ప్రశ్నలు వేయండి: ఏ అయాన్, ఏ ఆవేశంతో, ఏ చోట? కింద చెప్పబోయే మెట్లన్నీ ఈ మూడింటికి జవాబు రాబట్టే దారులే.

మొదటి మెట్టు: ఆతిథేయ పదార్థాన్ని చదవండి

డోపెంట్‌కు చోటిచ్చే స్ఫటికాన్ని ఆతిథేయ పదార్థం అంటారు. ఆక్సైడ్లు, అల్యూమినేట్లు, సిలికేట్లు, ఫాస్ఫేట్లు, ఫ్లోరైడ్లు, సల్ఫైడ్లు, నైట్రైడ్లు ఈ పనికి వాడుకలో ఉన్నాయి. దీనికి ఉండవలసిన మొదటి గుణం పారదర్శకత. డోపెంట్ విడుదల చేసే కాంతిని ఆతిథేయ పదార్థమే మింగేస్తే బయటికి వచ్చేది ఏమీ ఉండదు. అందువల్ల దాని నిషిద్ధ శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్లతో నిండిన పట్టీకీ ఖాళీగా ఉన్న పట్టీకీ మధ్య దూరం, వెలువడే ఫోటాన్ శక్తి కంటే బాగా పెద్దదిగా ఉండాలి.

రెండో గుణాన్ని చాలా పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. అది స్ఫటికంలోని పరమాణువుల కంపనం. ప్రతి స్ఫటికానికీ తనదైన గరిష్ఠ కంపన శక్తి ఉంటుంది. ఆ కంపన శక్తి పొట్లాలనే ఫోనాన్లు అంటారు. ఉత్తేజిత అయాన్ తన శక్తిని కాంతిగా కాకుండా ఫోనాన్లుగా పంచేస్తే అది వేడిగా పోతుంది. ఒక శక్తి అంతరాన్ని దాటడానికి నాలుగయిదు ఫోనాన్లు సరిపోతే వేడిదే పైచేయి అవుతుంది. అంతకంటే చాలా ఎక్కువ కావాలంటే కాంతి గెలుస్తుంది.

యూరోపియం 3+ అయాన్ లెక్క చూడండి. అది వెలుగునిచ్చే స్థాయికీ, దాని కింద ఉన్న స్థాయికీ మధ్య సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం ఉంది (ఎలక్ట్రాన్ వోల్టు అణుస్థాయి శక్తికి కొలమానం). ఇట్రియం ఆక్సైడ్‌లో గరిష్ఠ ఫోనాన్ సుమారు 0.075 ఎలక్ట్రాన్ వోల్టు. అంటే ఆ శక్తిని వేడిగా మార్చాలంటే ఇరవై ఫోనాన్లు ఒక్కసారే పుట్టాలి. అది జరిగే పని కాదు కాబట్టి అయాన్‌కు కాంతిని విడుదల చేయడమే సులువైన దారి. అదే అయాన్ పక్కన ఒక నీటి అణువో హైడ్రాక్సైడ్ సమూహమో చేరిందనుకోండి. దాని కంపన శక్తి సుమారు 0.42 ఎలక్ట్రాన్ వోల్టు, కాబట్టి నాలుగు అడుగుల్లో మెట్లన్నీ దిగిపోవచ్చు. ద్రావణంలో తయారు చేసిన పొడులను బాగా కాల్చి తేమను వెళ్లగొట్టేది ఇందుకే.

రెండో మెట్టు: అయాన్ ఎక్కడ కూర్చుందో తేల్చండి

డోపెంట్ తనకు నచ్చిన చోట దూరిపోదు. తన పరిమాణానికీ ఆవేశానికీ దగ్గరగా ఉన్న అయాన్ స్థానాన్నే తీసుకుంటుంది. స్ట్రాన్షియం 2+ అయాన్ వ్యాసార్థం 1.18 ఆంగ్‌స్ట్రామ్‌లు, యూరోపియం 2+ అయాన్‌ది 1.17. (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు.) ఒకదాని చోట మరొకటి అచ్చంగా సరిపోతుంది. ఇన్ని యూరోపియం ఫాస్ఫర్లలో స్ట్రాన్షియం కనిపించడం యాదృచ్ఛికం కాదు. ఇట్రియం 3+ చోట యూరోపియం 3+ కూడా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. సిలికాన్ 4+ ఉండే చోట మాంగనీస్ 4+ కొద్దిగా ఇరుకుగానైనా ఇముడుతుంది. పొటాషియం ఫ్లోరోసిలికేట్‌లో 630 నానోమీటర్ల దగ్గర వచ్చే సన్నని ఎర్రటి గీతలు అలా పుట్టినవే.

ఆవేశం కలవకపోతే స్ఫటికం ఊరుకోదు. కాల్షియం 2+ స్థానంలో యూరోపియం 3+ వస్తే ఒక ధనావేశం అదనంగా చేరుతుంది. దాన్ని సరిదిద్దడానికి ఎక్కడో ఒక కాల్షియం స్థానం ఖాళీ అవుతుంది, లేదా ఇంకో లోపం పుడుతుంది. ఆ లోపాలు తరచు శక్తిని దొంగిలిస్తాయి. కాల్షియం మాలిబ్డేట్ వంటి పదార్థాల్లో యూరోపియంతోపాటు అంతే మోతాదులో సోడియం లేదా లిథియం 1+ అయాన్లను కలిపే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. రెండు కాల్షియంల చోట ఒక 3+, ఒక 1+ కూర్చుంటే లెక్క సరిపోతుంది.

చుట్టూ ఉన్న పొరుగు అయాన్లు ఎన్ని, ఎంత దూరంలో, ఏ ఆకారంలో ఉన్నాయో కూడా రాసుకోండి. మాంగనీస్ 2+ చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటే సాధారణంగా ఆకుపచ్చ వస్తుంది. జింక్ సిలికేట్ 525 నానోమీటర్ల దగ్గర వెలగడం దీనికి పేరుమోసిన ఉదాహరణ. చుట్టూ ఆరు ఉంటే వెలుగు నారింజ, ఎరుపు వైపు జరుగుతుంది.

మూడో మెట్టు: ఏ ఎలక్ట్రాన్ కదులుతోందో చూడండి

అసలు విషయం ఇక్కడుంది. ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం. వాడుకలో ఉన్న డోపెంట్లలో ఎక్కువ భాగాన్ని, ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి దూకుతుందో చూసి, మూడు కుటుంబాలుగా విడదీయవచ్చు.

మొదటి కుటుంబంలో ఎలక్ట్రాన్ 4ఎఫ్ ఆర్బిటాళ్లలోనే (ఆర్బిటాల్ అంటే అయాన్‌లో ఎలక్ట్రాన్ ఉండే చోటు) ఒక అమరిక నుంచి మరో అమరికకు మారుతుంది. యూరోపియం 3+, టెర్బియం 3+, డిస్ప్రోసియం 3+, ఎర్బియం 3+ ఈ కోవకు చెందుతాయి. ఈ 4ఎఫ్ ఎలక్ట్రాన్లు అయాన్ లోపలి గదిలో ఉంటాయి. నిండిన 5ఎస్, 5పి కర్పరాలు వాటి చుట్టూ గోడ కట్టినట్లు నిలుస్తాయి. బయట ఆక్సిజన్ ఉన్నా, ఫ్లోరిన్ ఉన్నా లోపలి ఎలక్ట్రాన్లకు ఆ తేడా అంతగా తెలియదు. అందుకే ఈ అయాన్ల వెలుగు సన్నని గీతలుగా, ఆతిథేయ పదార్థం మారినా దాదాపు అవే తరంగదైర్ఘ్యాల దగ్గర వస్తుంది. అయితే ఈ దూకుడు క్వాంటమ్ నియమాల ప్రకారం నిషిద్ధం. చోటులో అసౌష్ఠవం ఉంటే ఆ నిషేధం కొంత సడలుతుంది, పూర్తిగా తొలగదు. దాంతో అయాన్ ఉత్తేజిత స్థితిలో ఎక్కువసేపు, సుమారు ఒక మిల్లీసెకను దాకా ఉండిపోతుంది.

రెండో కుటుంబంలో ఎలక్ట్రాన్ 4ఎఫ్ నుంచి బయటి 5డి ఆర్బిటాల్‌కు ఎక్కి, మళ్లీ కిందికి దిగుతుంది. సీరియం 3+, యూరోపియం 2+ ఇక్కడి పెద్దలు. 5డి ఆర్బిటాల్‌కు చుట్టూ గోడ లేదు, పొరుగు అయాన్లకు నేరుగా తగులుతుంది. పొరుగువారితో ఎలక్ట్రాన్లు పంచుకునే స్వభావం ఎక్కువైన కొద్దీ 5డి స్థాయిల సగటు శక్తి కిందికి జారుతుంది. పొరుగువారి ఆకారం, దూరం ఆ స్థాయిలను పైకీ కిందికీ చీలుస్తాయి. ఒంటరి సీరియం 3+ అయాన్‌లో 4ఎఫ్ నుంచి 5డికి సుమారు 6.1 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అదే సీరియాన్ని ఇట్రియం అల్యూమినియం గార్నెట్‌లో, ప్రయోగశాల భాషలో యాగ్‌లో, కూర్చోబెడితే అట్టడుగు 5డి స్థాయికి 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. గట్టి అతినీలలోహితం అవసరమైన పని నీలి ఎల్‌ఈడీతో అయిపోతుంది. యూరోపియం 2+ విషయంలో నైట్రైడ్లు ఎరుపును ఇవ్వడానికీ కారణం ఇదే. నైట్రోజన్ ఆక్సిజన్ కంటే ఎక్కువగా ఎలక్ట్రాన్లను పంచుకుంటుంది, 5డిని మరింత కిందికి లాగుతుంది.

ఈ కుటుంబంలో దూకుడుకు నిషేధం లేదు. అందువల్ల శోషణ బలంగా, వెలుగు పట్టీ వెడల్పుగా, ఆయుర్దాయం తక్కువగా ఉంటాయి. యాగ్‌లో సీరియం వెలుగు సుమారు 60 నుంచి 70 నానోసెకన్లలో తగ్గిపోతుంది. యూరోపియం 2+ అయితే సాధారణంగా మైక్రోసెకను దరిదాపుల్లో ఉంటుంది.

మూడో కుటుంబం పరివర్తన మూలకాలది. క్రోమియం 3+, మాంగనీస్ 4+, మాంగనీస్ 2+ అయాన్లలో 3డి ఎలక్ట్రాన్లు తమలో తాము అమరిక మార్చుకుంటాయి. వాటి చుట్టూ గోడా లేదు, నిషేధమూ పోలేదు. కెంపులో ఎర్రదనం అల్యూమినియం ఆక్సైడ్‌లోని కొద్దిపాటి క్రోమియం వల్లే వస్తుంది. అదే క్రోమియం బెరిల్ ఖనిజంలో చేరితే పచ్చ రాయి అవుతుంది. అక్కడ పొరుగు అయాన్ల ఒత్తిడి కొంచెం తక్కువ, ఆ చిన్న తేడాకే శోషణ పట్టీలు జరిగి రాయి రంగు మారిపోతుంది. కెంపు విడుదల చేసే 694.3 నానోమీటర్ల గీతతోనే 1960లో థియోడోర్ మైమన్ తొలి లేజరును పనిచేయించాడు.

నాలుగో మెట్టు: శక్తి లోపలికి వచ్చే దారి వెతకండి

వెలుగునివ్వగల అయాన్‌కు శక్తిని మింగడం కూడా బాగా రావాలనేమీ లేదు. 4ఎఫ్ గీతలు నిషిద్ధం కాబట్టి యూరోపియం 3+ నేరుగా కాంతిని పట్టుకోవడంలో బలహీనం. మరి 254 నానోమీటర్ల దీపం దానిని అంత బాగా ఎలా వెలిగిస్తుంది? ఆ శక్తిని పట్టేది యూరోపియం, ఆక్సిజన్ల జంట. పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ క్షణకాలం యూరోపియం మీదికి వచ్చి తిరిగి వెళ్తుంది. ఈ ఆవేశ మార్పిడి పట్టీ ఇట్రియం ఆక్సైడ్‌లో 250 నానోమీటర్ల ప్రాంతంలో బలంగా ఉంటుంది. పాదరసపు ఆవిరి దీపం ఇచ్చే 254 దాని మీదే పడుతుంది. ట్యూబులైట్లలో ఈ జోడీ దశాబ్దాలపాటు నిలబడడానికి కారణం అదే.

మరో దారి సహాయక అయాన్. ఒక అయాన్ మింగుతుంది, పక్కనున్న ఇంకొకటి వెలుగుతుంది. లాంథనం ఫాస్ఫేట్‌లో సీరియం 3+ అతినీలలోహితాన్ని పట్టి టెర్బియం 3+ అయాన్‌కు అందిస్తుంది, టెర్బియం 544 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. పాత ట్యూబులైట్లలోని కాల్షియం హాలోఫాస్ఫేట్‌లో ఆంటిమొనీ 3+ మింగి కొంత తానే నీలంగా వెలిగి, మిగిలింది మాంగనీస్ 2+ అయాన్‌కు ఇచ్చేది. మాంగనీస్ నారింజ రంగునిచ్చేది. రెండూ కలిస్తే తెలుపు. మాంగనీస్ మోతాదు మార్చితే ఆ తెలుపు చల్లగానో వెచ్చగానో మారేది.

సీరియం ఇంత మంచి సహాయకం కదా, దాన్ని యూరోపియం 3+ పక్కన పెడితే ఎరుపు అదిరిపోతుందని అనిపిస్తుంది. అలా జరగదు. సీరియం తన ఎలక్ట్రాన్‌ను యూరోపియానికి ఇచ్చేసి 4+ అవుతుంది, యూరోపియం 2+ అవుతుంది. ఆ మలుపులో ఉత్తేజిత శక్తి వేడిగా జారిపోతుంది. కాగితం మీద సరిపోయిన శక్తి స్థాయిలు స్ఫటికంలో మోసం చేసే సందర్భం ఇది. జోడీ కట్టేముందు రెండు అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ మార్పిడికి అవకాశం ఉందేమో తప్పక చూడండి.

అయిదో మెట్టు: ఒదుగుబాటును లెక్కలోకి తీసుకోండి

వెలువడే ఫోటాన్ శక్తి మింగిన ఫోటాన్ శక్తి కంటే సాధారణంగా తక్కువ. జార్జ్ స్టోక్స్ 1852లోనే ఈ సంగతిని స్పష్టంగా రాశాడు. ఫ్లోరైట్ ఖనిజం పేరు మీదుగా ప్రతిదీప్తికి ఇంగ్లిషులో ఉన్న ఫ్లోరసెన్స్ అనే పేరు ఆయన పెట్టిందే. కారణం ఏమిటంటే, ఎలక్ట్రాన్ పైకి ఎక్కగానే అయాన్ పరిమాణం, పొరుగువారితో దాని బంధం మారిపోతాయి. చుట్టూ ఉన్న పరమాణువులు కొత్త పరిస్థితికి తగ్గట్టు కొద్దిగా జరుగుతాయి. ఆ జరుగుడులో కొంత శక్తి ఫోనాన్లుగా పోతుంది. తిరిగి కిందికి దిగాక మళ్లీ సర్దుకోవాలి, మళ్లీ కొంత పోతుంది. 5డి వంటి బయటి ఆర్బిటాల్‌కు ఎక్కినప్పుడు సర్దుబాటు పెద్దది, పట్టీ వెడల్పవుతుంది. 4ఎఫ్ లోపలే తిరిగితే సర్దుబాటు దాదాపు శూన్యం, గీత సన్నగా వస్తుంది. వెలుగు గీతగా ఉందా, పట్టీగా ఉందా అని చూసి కుటుంబాన్ని పోల్చుకోవచ్చు.

నష్టం ఎంతో ఒక్క భాగహారంతో తేలుతుంది. 254 నానోమీటర్ల ఫోటాన్ ఒకటి లోపలికి వెళ్లి 611 నానోమీటర్ల ఫోటాన్ ఒకటి బయటికి వస్తే, 254ను 611తో భాగించగా సుమారు 0.42. మింగిన ప్రతి ఫోటాన్‌కూ ఒక ఫోటాన్ వచ్చినా, శక్తిలో 42 శాతమే కాంతి. నీలి ఎల్‌ఈడీ ఇచ్చే 450ని యాగ్ పసుపు 550తో భాగిస్తే 0.82. ఎల్‌ఈడీ దీపాలు ట్యూబులైట్లను పక్కకు నెట్టడంలో ఈ భాగహారానికీ వాటా ఉంది.

ఆరో మెట్టు: వెలుగు ఎక్కడ కారిపోతోందో కనిపెట్టండి

డోపెంట్ ఎక్కువ వేస్తే వెలుగు ఎక్కువ వస్తుందని మొదటిసారి చేసేవారు అనుకుంటారు. కొంతవరకే నిజం. అయాన్లు దగ్గరయ్యేకొద్దీ ఉత్తేజిత శక్తి ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతుంది. అలా తిరుగుతూ తిరుగుతూ ఎక్కడో ఒక లోపం దగ్గరికి చేరి వేడిగా మారిపోతుంది. దీన్ని గాఢతా క్షీణత అనవచ్చు.

యాగ్‌లో 2 శాతం సీరియం వేశామనుకోండి. యాగ్ ఏకాంక ఘనం, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి, దాని భుజం సుమారు 12.01 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే ఘనపరిమాణం సుమారు 1732 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు. అందులో ఇట్రియం స్థానాలు 24. రెండు శాతం అంటే ఒక్కో ఘనంలో 0.48 సీరియం, లేదా ఒక్కో సీరియానికి సుమారు 3600 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌ల జాగా. ఆ జాగాను ఒక గోళంగా ఊహించి వ్యాసం కడితే 19 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది. సీరియం నుంచి సీరియానికి సగటు దూరం అదన్నమాట. మీ నమూనాలో ఏ గాఢత దగ్గర వెలుగు తగ్గడం మొదలైందో అక్కడ ఈ లెక్క కట్టండి. దూరం 5 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో తేలితే ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిమీద ఒకటి పడి శక్తి మారుతోందని అనుమానించవచ్చు. అంతకంటే చాలా ఎక్కువైతే విద్యుత్ ధ్రువాల మధ్య దూరప్రభావమే కారణమై ఉంటుంది.

గాఢత ప్రతిసారీ చెడ్డది కాదు. టెర్బియం 3+ కొద్దిగా వేస్తే నీలి గీతలు కూడా కనిపిస్తాయి. మోతాదు పెంచితే పై స్థాయిలో ఉన్న ఒక టెర్బియం తన శక్తిలో కొంత పొరుగు టెర్బియానికి ఇచ్చి కింది స్థాయికి దిగుతుంది. నీలం మాయమై ఆకుపచ్చ బలపడుతుంది. డోపెంట్ మారకుండానే, కేవలం మోతాదుతో రంగు మారిందన్నమాట.

ఉష్ణోగ్రత మరో కారుపు. ఎల్‌ఈడీ చిప్పు మీద ఫాస్ఫర్ 100 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కవచ్చు. 5డి స్థాయి ఖాళీ పట్టీకి మరీ దగ్గరగా ఉంటే వేడికి ఎలక్ట్రాన్ అందులోకి ఎగిరిపోతుంది, వెలుగు తగ్గుతుంది. ఇనుము, కోబాల్ట్, నికెల్ మాలిన్యాలు అతి స్వల్పంగా ఉన్నా వెలుగును చంపుతాయి. అందుకే ముడిపదార్థాలు 99.99 శాతం స్వచ్ఛతతో తీసుకుంటారు, తూచడానికి స్టీలు గరిటెలకు బదులు ప్లాస్టిక్‌వి వాడడం మేలు.

ఏడో మెట్టు: ఒక నమూనా తయారు చేయండి

యాగ్‌లో సీరియం ఫాస్ఫర్‌ను ఘనస్థితి చర్యతో చేయడం అభ్యాసానికి మంచిది. దీని వెలుగును బ్లాసే, బ్రిల్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే ప్రకటించారు. మూడు ఇట్రియం స్థానాల్లో 2 శాతం సీరియం, అయిదు అల్యూమినియం, పన్నెండు ఆక్సిజన్ ఉన్న పదార్థం 0.01 మోల్ కావాలనుకుందాం. ఇట్రియం ఆక్సైడ్ 3.319 గ్రాములు, సీరియం డయాక్సైడ్ 0.103 గ్రాములు, అల్యూమినియం ఆక్సైడ్ 2.549 గ్రాములు తూచండి. చివరికి సుమారు 5.97 గ్రాముల పొడి రావాలి. తూచేముందు ఇట్రియం ఆక్సైడ్‌ను కొలిమిలో బాగా వేడి చేసి ఆరబెట్టండి, లేకపోతే అది పట్టుకున్న తేమ, కార్బన్ డయాక్సైడ్ బరువు మీ లెక్కను చెడగొడతాయి.

ఇథనాల్ పోసి అగేటు కల్వంలో కనీసం అరగంట నూరండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని గంటలు కాల్చినా ఫలితం ఉండదు. ఘనస్థితిలో అయాన్లు రేణువు సరిహద్దు దాటి నడవాలి, రేణువు ఎంత చిన్నదైతే నడక అంత తక్కువ. బేరియం ఫ్లోరైడ్ వంటి ద్రావకారిని కొద్ది శాతం కలిపితే చర్య తేలికవుతుంది. అల్యూమినా మూసలో పెట్టి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాల్చండి.

ఇప్పుడు రెండో ప్రశ్న గుర్తు తెచ్చుకోండి: ఏ ఆవేశంతో? మీరు వేసింది సీరియం డయాక్సైడ్, అందులో సీరియం 4+ స్థితిలో ఉంది. 4+ లో 4ఎఫ్ ఎలక్ట్రాన్ లేదు, కాబట్టి పైకి ఎక్కడానికి ఏదీ లేదు, వెలగదు. దాన్ని 3+ చేయాలంటే నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన వాయువు కింద కాల్చాలి. హైడ్రోజన్‌తో పని కాబట్టి ఇది వాయువు బయటికి పోయే ఏర్పాటు, లీకును పసిగట్టే పరికరం ఉన్న కొలిమిలో, అనుభవం ఉన్నవారి పర్యవేక్షణలోనే చేయండి. కాలిన పొడి నిమ్మపండు పసుపులోకి మారితే సీరియం సరైన స్థితిలో కూర్చుందని మొదటి సంకేతం.

ఎక్స్-కిరణ వివర్తనంలో రాగి వికిరణంతో చూస్తే యాగ్ బలమైన గీత 33.3 డిగ్రీల కోణం దగ్గర ఉండాలి. 28.5 డిగ్రీల దగ్గర ఏదైనా గీత కనిపిస్తే కలవని సీరియం డయాక్సైడ్ మిగిలిందని అర్థం. మళ్లీ నూరి మళ్లీ కాల్చండి. అతినీలలోహిత దీపం కింద చూసేటప్పుడు తగిన కళ్లద్దాలు పెట్టుకోవడం మరవకండి. 254 నానోమీటర్ల కాంతి కంటికీ చర్మానికీ హాని చేస్తుంది.

ఎనిమిదో మెట్టు: వర్ణపటాన్ని చదవండి

యూరోపియం 3+ ఒక గూఢచారి. అది తాను కూర్చున్న చోటు గురించి బయటికి సమాచారం పంపుతుంది. దాని వర్ణపటంలో 590 దగ్గర ఒక గీతల గుంపు, 611 నుంచి 620 వరకు మరో గుంపు చూడండి. మొదటిది అయస్కాంత ద్విధ్రువ మార్పు, చోటు ఎలా ఉన్నా దాని బలం దాదాపు మారదు. రెండోది విద్యుత్ ద్విధ్రువ మార్పు, చోటులో సౌష్ఠవం లోపిస్తేనే బలంగా వస్తుంది. ఒక పక్క ఆక్సిజన్ ఉంటే సరిగ్గా ఎదుటి పక్క అంతే దూరంలో ఇంకో ఆక్సిజన్ ఉండే చోట యూరోపియం కూర్చుంటే నారింజ గీత ముందుంటుంది. అలా లేని చోట కూర్చుంటే ఎరుపు గీత పైకి లేస్తుంది.

ఘనాకృతి ఇట్రియం ఆక్సైడ్‌లో ప్రతి 32 ఇట్రియం స్థానాల్లో 24కు అలాంటి ఎదురెదురు పోలిక లేదు, 8కి ఉంది. ఎక్కువ యూరోపియం అసౌష్ఠవ స్థానాల్లో పడుతుంది కాబట్టి 611 గీత వర్ణపటాన్ని ఏలుతుంది. మొదట చూసిన ఆ నిప్పుకణిక రంగు ఈ 24 స్థానాల పుణ్యమే. రెండు గుంపుల వైశాల్యాల నిష్పత్తి కట్టి మీ నోటుపుస్తకంలో రాసుకోండి. కొత్త పదార్థంలో చోటు గురించి వచ్చే మొదటి ఆధారం అదే అవుతుంది.

సీరియం వర్ణపటంలో పట్టీ తలభాగం ఒక్కటిగా కాక భుజంతో కనిపిస్తే కంగారు పడకండి. దాని అడుగు స్థాయి రెండుగా చీలి, వాటి మధ్య 0.25 ఎలక్ట్రాన్ వోల్టు అంతరం ఉంటుంది. రెండింటికీ దిగడం వల్ల రెండు మూపులు వస్తాయి. యాగ్‌లో ఇట్రియం చోట కొంత గాడోలినియం వేస్తే ఆ పట్టీ ఎరుపు వైపు, అల్యూమినియం చోట గాలియం వేస్తే నీలం వైపు జరుగుతుంది.

ఆలస్యంగా వెలిగేవి, తలకిందులుగా వెలిగేవి

దీపం ఆరిపోయాక కూడా గంటల తరబడి వెలిగే పదార్థాల్లో డోపెంట్ రెండు పాత్రలు వహిస్తుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో యూరోపియం 2+ వెలుగునిస్తుంది. దానితోపాటు వేసే డిస్ప్రోసియం 3+ ఎలక్ట్రాన్లు చిక్కుకునే ఉచ్చులను బలపరుస్తుంది. చిక్కిన ఎలక్ట్రాన్లను గది ఉష్ణోగ్రతే మెల్లగా విడిపిస్తూ ఉంటుంది. ఉచ్చు లోతు సుమారు 0.6 నుంచి 0.7 ఎలక్ట్రాన్ వోల్టులుంటే ఈ విడుదల గంటలపాటు సాగుతుంది. లోతు తక్కువైతే నిమిషాల్లో ఖాళీ, ఎక్కువైతే ఎలక్ట్రాన్లు బయటికే రావు. 1996లో మత్సుజావా బృందం ఈ పదార్థం గురించి ప్రచురించిన వ్యాసం తర్వాత పాత జింక్ సల్ఫైడ్ పొడులు వెనకబడ్డాయి.

తలకిందులుగా వెలిగేవి తక్కువ శక్తి ఫోటాన్లను కూడబెట్టి ఎక్కువ శక్తి ఫోటాన్ ఇస్తాయి. సోడియం ఇట్రియం ఫ్లోరైడ్‌లో సహాయక అయాన్‌గా సుమారు 20 శాతం ఇటర్బియం, వెలిగే అయాన్‌గా 2 శాతం ఎర్బియం వేసి 980 నానోమీటర్ల పరారుణ లేజరు తగిలిస్తే ఆకుపచ్చ కనిపిస్తుంది. 980 ఫోటాన్ ఒక్కోటి 1.265 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండు కలిస్తే 2.53. బయటికి వచ్చే 540 నానోమీటర్ల ఆకుపచ్చ 2.30. ఎర్బియం మధ్య మెట్టు మీద రెండో ఫోటాన్ కోసం వేచి ఉండాలి కాబట్టి, కంపన శక్తి తక్కువగా ఉండే ఫ్లోరైడ్‌నే ఎంచుకుంటారు.

నమూనా మసకగా వస్తే

ఇది చివరి పరీక్ష, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. వెలుగు తక్కువగా ఉందని చూడగానే డోపెంట్ శాతం మార్చడానికి పరుగెత్తకండి. ముందు ఆయుర్దాయం కొలవండి. ఒక చిన్న కాంతి స్పందనతో ఉత్తేజితం చేసి, వెలుగు ఎంత వేగంగా తగ్గుతోందో చూడండి.

యాగ్‌లో సీరియం వెలుగు 65 నానోసెకన్ల బదులు 40లోనే తగ్గిపోతుంటే, వెలిగే అయాన్ల నుంచే శక్తి కారిపోతోంది. గాఢత ఎక్కువై ఉండాలి, లేదా ఇనుము వంటి మాలిన్యం చేరి ఉండాలి. సీరియం 2 శాతం నుంచి 1కి తగ్గించి ఒకటి, కొత్త ముడిపదార్థంతో ఇంకొకటి చేసి పోల్చండి. ఆయుర్దాయం సరిగ్గా 65 ఉండి కూడా వెలుగు మసకగా ఉంటే కథ వేరు. వెలుగుతున్న అయాన్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, వాటి సంఖ్యే తక్కువ. మిగతా సీరియం 4+ గా ఉండిపోయింది, లేదా స్ఫటికంలో చేరకుండా బయటే మిగిలింది. వివర్తన చిత్రంలో 28.5 డిగ్రీల గీత లేకపోతే రెండోది కాదు. అప్పుడు పొడిని మార్చే పని లేదు, అదే పొడిని హైడ్రోజన్ కలిపిన వాయువు కింద మరోసారి కాల్చి ఆయుర్దాయాన్నీ వెలుగునూ మళ్లీ కొలవండి.